రెండెకరాల ఇరవై గుంటలు: డిగ్రీ చదువుతూ రీసెర్చ్ అసిస్టెంట్‌గా నా అనుభవం

డిగ్రీ సెకండియర్‌లో ఒకరోజు మా ఎకనామిక్స్ మేడం సిలబస్ పక్కనపెట్టి ఒక ఊరి గురించి చెప్పారు. హైదరాబాద్ దగ్గరి పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పేపర్లలో ఔరేపల్లె అని రాసే ఊరు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016లో జిల్లాలు విడిపోయాక రంగారెడ్డిలో కలిసింది. 1975లో ఇక్రిశాట్ వాళ్లు ఆ ఊరిని, దేవరకద్ర దగ్గరి డోకూరును, మహారాష్ట్రలో ఇంకో నాలుగు ఊళ్లను ఎంచుకున్నారు. ఊరికి 40 కుటుంబాలు. ఏం పండింది, ఎంతకు అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి పోయారు, ఇవన్నీ మూడు నాలుగు వారాలకోసారి అడిగి రాసుకుంటూ ఏళ్ల తరబడి పోయారు. ఆ లెక్కల మీదనే రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఎకనామెట్రికా పత్రికలో ఒక పేపర్ రాశాడు. ఒక ఇంటి పంట పోయినంత మాత్రాన ఆ ఇంటి తిండి అంత పడిపోదు, ఊరు మొత్తం ఎట్లా ఉందో దాన్నిబట్టే ఇల్లు కూడా నడుస్తుంది అని అందులో చూపించాడు. చేబదుళ్లు, అప్పులు, ఒకరికొకరు సాయం ఇవన్నీ కలిసి బీమాలాగా పనిచేస్తాయన్నమాట. ప్రపంచంలో ఎక్కడ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ చెప్పినా ఈ పేపర్ చెప్తారని మేడం అన్నారు.

నాకు ఆ పేపర్ కన్నా వేరే సంగతి మనసులో పడింది. లేచి అడిగాను. "మేడం, ఆ ఇళ్లకు పోయి అడిగి రాసుకున్నది ఎవరు?"

"ఆ ఊళ్లోనే ఉండి పనిచేసిన ఇన్వెస్టిగేటర్లు. వాళ్లు లేకపోతే ఆ పేపరే లేదు" అన్నారు. కాసేపాగి, "నువ్వు ఆ పని చేస్తావా?" అని అడిగారు.

నా సంగతి ఇక్కడి నుంచే మొదలైంది. మాది కనగల్ మండలం. మా నాయినకు రెండెకరాల పైచిలుకు చెలక. పత్తి పెడతాడు. అమ్మ ఎండాకాలం కరువు పనికి పోతుంది. ఉపాధి హామీ అని పేరు మార్చి ఇన్నేళ్లయినా మా దగ్గర ఇంకా కరువు పనే అంటారు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2022లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో నల్గొండలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వచ్చింది. బీఏలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకున్నాను. కంప్యూటర్ సబ్జెక్టు ఉద్యోగానికి పనికొస్తుందని మా అన్న పెట్టించాడు. తర్వాత అదే నన్ను కాపాడింది.

రీసెర్చ్ అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ల పని అని అప్పటిదాకా నా నమ్మకం. మేడం స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. డిగ్రీ అయిపోయాక ఏడాది, రెండేళ్లు పూర్తిస్థాయి జీతంతో చేసే రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగాలు వేరు. పేదరికం మీద పరిశోధన చేసే జె-పాల్ సౌత్ ఏషియా లాంటి సంస్థలు, పెద్ద యూనివర్సిటీల ప్రొఫెసర్లు అట్లాంటివి ఇస్తారు. వాటికి చాలాచోట్ల పీజీ అడుగుతారు. సర్వే చేసే ఏజెన్సీలు రోజు లెక్కన తీసుకునే, ఇంటింటికీ పోయి అడిగి రాసుకునే ఎన్యూమరేటర్ పని వేరు. ఈ రెండింటి మధ్య డిగ్రీ పిల్లలకు కూడా ఒక దారి ఉంది. ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టులో సెలవుల్లోనో, వారానికి కొన్ని గంటలో పనిచేయడం. పేపర్లు వెతికి సారాంశం రాయడం, ప్రశ్నావళి తెలుగులోకి మార్చడం, డేటా శుభ్రం చేయడం, ఫీల్డుకు పోయిన టీమును చూసుకోవడం. వీటికి నోటిఫికేషన్ రావడం తక్కువ, అడగాలి. అడగడానికి ముందు చేతిలో చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆ చివరి మాట నాకు అప్పుడు ఎక్కలేదు. అందుకే ముందు తప్పు దారిలో పోయాను.

ఆన్‌లైన్‌లో 'రీసెర్చ్ ఇంటర్న్‌షిప్' అని కొడితే ఒక సంస్థ కనపడింది. ఫోన్ చేస్తే తియ్యగా మాట్లాడారు. నెలరోజుల ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్, రికమెండేషన్ లెటర్ అన్నీ ఇస్తామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ కింద 2,500 కట్టమన్నారు. అమ్మ సంఘంలో పొదుపు డబ్బు నుంచి ఇచ్చింది. నెలరోజుల్లో రెండు వీడియోలు, ఒక క్విజ్, ఒక సర్టిఫికెట్ వచ్చాయి. పని అన్నదే లేదు. ఆ సర్టిఫికెట్ పట్టుకుపోతే మేడం నన్ను తిట్టలేదు. "పని చేయించుకునేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు" అని మాత్రం అన్నారు. ఇది చదివే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ముందుగా చెప్పేది ఇదే. ఇట్లాంటి సర్టిఫికెట్‌కు రూపాయి కూడా కట్టకండి. అమ్మ ఆ డబ్బు మళ్లీ జమ చేయడానికి ఎన్ని రోజులు గడ్డపార పట్టిందో నాకు తెలుసు.

తర్వాత ఈమెయిళ్లు మొదలుపెట్టాను. హైదరాబాద్‌లోని సంస్థల వెబ్‌సైట్లలో ప్రొఫెసర్ల పేర్లు, ఈమెయిళ్లు ఉంటాయి. బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎకనామిక్స్ విభాగం, ఇట్లా చాలా చూశాను. 'గౌరవనీయులైన సార్, నాకు పరిశోధన అంటే చాలా ఆసక్తి, దయచేసి అవకాశం ఇవ్వగలరు' అని ఇంగ్లిష్‌లో రాసి, పేర్లు మాత్రం మార్చి పదకొండు మందికి పంపాను. ఒక్క జవాబు రాలేదు. పదకొండు సార్లు ఒకే ఉత్తరం పంపితే పదకొండు మందికీ అది తమ కోసం రాసింది కాదని తెలిసిపోతుంది.

మేడం ఆ ఈమెయిల్ చదివి ఒకటే అడిగారు. "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?"

ఆ రాత్రి అమ్మ జాబ్ కార్డు తీసి చూస్తూ కూర్చున్నాను. మా నల్గొండ, పక్కన మహబూబ్‌నగర్, రెండూ ఉపాధి హామీ 2006లో మొదలైన తొలి 200 జిల్లాల్లో ఉన్నవే. ఏ పంచాయతీలో ఏ నెల ఎన్ని పనిదినాలు జరిగాయో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కూర్చుని మా మండలంలోని పంచాయతీల లెక్కలు నెలలవారీగా ఎక్సెల్‌లోకి దించాను. గ్రాఫ్ గీస్తే మే నెల దగ్గర కొండలా లేచింది, వానాకాలంలో నేలకు అంటుకుంది. ఇది ఎవరైనా ఊహించేదే. కానీ రెండు పంచాయతీల్లో జూలైలో కూడా పని కనపడింది. ఎందుకని అమ్మను అడిగాను.

"అక్కడ కాలువ నీళ్లు లేవు బిడ్డా. వాన పడకపోతే నాట్లు ఉండవు, కైకిలి ఉండదు. మరి కరువు పనికే పోతరు" అంది, ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఒక పేజీ రాశాను. గ్రాఫ్ పైన పెట్టాను. కింద నాకు తోచిన కారణం, దాన్ని తేల్చాలంటే ఇంకే లెక్కలు కావాలో రాశాను. ఇంగ్లిష్ మేడం దిద్దారు. ఈసారి నలుగురికే పంపాను. పంపేముందు ఒక్కొక్కరి పేపర్ ఒకటైనా, అర్థమైనంత వరకు, చదివాను. ఈమెయిల్ ఎనిమిది లైన్లు దాటనివ్వలేదు. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు ప్రస్తుతానికి ఖాళీ లేదన్నారు, కానీ నా పేజీ మీద రెండు ప్రశ్నలు వేశారు. రెండో ఆయన హైదరాబాద్‌లోని ఒక పరిశోధనా సంస్థలో ప్రొఫెసర్. చిన్న రైతుల అప్పులు, బోర్ల మీద స్టడీ చేస్తున్నారు. ఒక డేటా టెస్ట్ పంపుతాను, మూడు రోజుల్లో తిరిగి పంపమన్నారు.

టెస్ట్ అంటే టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫైలు తెరిచి చూస్తే రెండు వందల వరుసల ఎక్సెల్ షీటు. వయసు, చదువు, ఆదాయం, అప్పు. సగటులు తీసి, కనపడిన సమస్యలు ఒక పేజీలో రాయాలి. నేను ఫార్ములా కొట్టాను. ఇంటి పెద్ద సగటు వయసు 9 ఏళ్లు అని వచ్చింది. రెండు మూడు సార్లు కొట్టినా అదే. అప్పుడు వరుసలన్నీ ఒక్కొక్కటీ కళ్లతో చదివాను. కొన్ని చోట్ల వయసు దగ్గర -999 ఉంది. తెలియదు అన్నవాళ్లకు ఆ కోడు వేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు, కానీ మనిషికి మైనస్ వయసు ఉండదు కదా. అవి పక్కనపెట్టి మళ్లీ తీశాను. రెండుసార్లు ఎక్కిన కుటుంబాలు కూడా దొరికాయి. అన్నీ రాశాను. 'దీనికి కారణం నాకు తెలియదు, ఫీల్డువాళ్లను అడగాలి' అని మూడు చోట్ల రాశాను. ఆ వాక్యాలే తనకు నచ్చాయని సార్ ఫోన్ ఇంటర్వ్యూలో చెప్పారు.

ఇంటర్వ్యూ పావుగంట. మొదట ఇంగ్లిష్‌లో అడిగారు, నేను తడబడుతుంటే తెలుగులోకి మారారు. స్టాటా తెలుసా అన్నారు, తెలియదన్నాను. ఆర్ నేర్చుకోగలవా అన్నారు. రెండూ డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లే. స్టాటాకు లైసెన్స్ డబ్బు కట్టాలి, ఆర్ ఉచితం. నెలరోజులు టైమిస్తే నేర్చుకుంటానన్నాను. 2024 ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు, నెలకు 8 వేలు, పని బాగుంటే థర్డియర్‌లో వారానికి పది గంటలు. నేను ఫోన్ పెట్టేసి కాలేజీ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆర్ నేర్చుకున్న నెల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఉచిత వీడియోలు, ల్యాబు, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, బోలెడు ఎర్రర్లు. ఒక తప్పు మాత్రం చెప్పాలి. మొదటి వారంలో అసలు ఫైలులోనే మార్పులు చేసి సేవ్ చేశాను. సార్ దగ్గర కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. "వచ్చిన డేటాను ఎప్పుడూ ముట్టుకోవద్దమ్మా. ఏం మార్చినా కోడ్‌లో రాయి. రేపు ఎవరైనా అడిగితే ఏ అంకె ఎందుకు మారిందో చూపించగలగాలి" అన్నారు. ఇప్పుడు నా కోడ్‌లో ప్రతి మార్పు పక్కన తేదీ, కారణం ఉంటాయి.

ఫీల్డు దేవరకొండ డివిజన్‌లో. మా మండలంలో నన్ను వేయలేదు. తెలిసినవాళ్ల ఇంట్లో అప్పుల సంగతి అడగడం, వినడం రెండూ తప్పే. అమ్మ మొదట్లో "ఎవరికెంత అప్పున్నదే?" అని మామూలుగా అడిగేది. చెప్పకూడదమ్మా, పేర్లు కూడా తీసేసి నంబర్లు వేస్తాం అంటే, "మంచిదే, మనది కూడా ఎవరికీ చెప్పొద్దు" అని ఇక అడగడం మానేసింది.

2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. పొద్దున్నే మా ఊరి నుంచి నల్గొండ, అక్కడి నుంచి దేవరకొండ, అక్కడి నుంచి ఆటో. బస్సు చార్జీలు ఉంటే ఆ 8 వేలలో చాలావరకు దారికే పోయేవి.

నా పని సర్వే చేయడం కాదు. ప్రశ్నావళి జనానికి అర్థమవుతుందో లేదో చూసే పైలట్, తర్వాత బ్యాక్‌చెక్. ఎన్యూమరేటర్ పోయివచ్చిన ఇళ్లలో కొన్నింటికి మళ్లీ పోయి నాలుగైదు ప్రశ్నలు తిరిగి అడగడమే బ్యాక్‌చెక్. ప్రశ్నలన్నీ ట్యాబ్‌లో ఉంటాయి. మొదట సమ్మతి పత్రం చదివి వినిపించాలి. దాన్ని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చింది నేనే. నేను మార్చినదాన్ని ఇంకొకరు చూడకుండా మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చారు. రెండూ కలవని చోట నా తెలుగు దిద్దుకున్నాను. 'మీరు పాల్గొనడం స్వచ్ఛందం' అని రాశాను ముందు. ఆ మాట మా నాయినకే అర్థం కాలేదు. 'మీకు ఇష్టమైతేనే చెప్పండి, వద్దంటే వద్దు, మధ్యలో ఆపేసినా ఏం కాదు' అని మార్చాను.

మేం పోయిన సమయం అట్లాంటిది. మే 13న లోక్‌సభ ఎన్నికలు అయ్యాయి. జూన్‌లో రుణమాఫీ గురించి రోజూ వార్తలు. గడప దగ్గర నిలబడి 'అప్పుల గురించి' అనగానే ఒక ఇంట్లో ఏ పార్టీ అన్నారు, ఇంకో ఇంట్లో మాఫీ లిస్టుకా అన్నారు. మాఫీ కోసమే అనుకుంటే బ్యాంకు అప్పు ఎక్కువ చెప్పొచ్చు, బయటి అప్పు దాచొచ్చు. ఒక తండాలో ఒక అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు బుక్కు అన్నీ ఒక కవర్‌లోంచి తీసి నా ఒళ్లో పెట్టింది.

"రాసుకో బిడ్డా. లక్షా ఇరవై వేలు ఉన్నది."

"అవ్వా, ఇది మాఫీకి కాదు. చదువుకోవడానికి అడుగుతున్నాం. దీనివల్ల మీకు డబ్బులేం రావు."

"ఏం రావా?"

"రావు అవ్వా."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. కాగితాలన్నీ మళ్లీ కవర్‌లో సర్ది, రబ్బరు బ్యాండు వేసింది. నేను లేవబోయాను. "కూసో. అడుగు. ఏం రాకున్నా చెప్తా. ఎవలన్న అడగాలె గదా" అంది. అప్పుడు చెప్పింది, బ్యాంకులో ఉన్నది అరవై వేలేనని, మిగతాది రెండో బోరు వేసినప్పుడు షావుకారు దగ్గర తెచ్చిందని. బోరులో నీళ్లు పడలేదు. ఆమె కోడలు లంబాడీలో ఏదో అంది, మా టీములో ఆ తండా పక్క నుంచే వచ్చిన అబ్బాయి మెల్లగా నాకు చెప్పాడు, పుస్తె తాకట్టు సంగతి కూడా చెప్పమంటోందని. ఆ అబ్బాయి లేకపోతే ఆ అప్పు మా లెక్కలోకి రాకపోయేది.

మిత్తి సంగతి కూడా పైలట్‌లోనే బయటపడింది. ఫారంలో 'సంవత్సరానికి వడ్డీ శాతం' అని ఒక గడి ఉంది. బ్యాంకు పంట రుణం దగ్గర 7 అని వస్తోంది. షావుకారు అప్పు దగ్గర 2, 3 అని వస్తోంది. ఆ అంకెలు చూసినవాళ్లకు బ్యాంకు కన్నా షావుకారే నయం అనిపిస్తుంది. మన దగ్గర రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24. ఎన్యూమరేటర్లు జనం చెప్పింది చెప్పినట్టు కొట్టారు, వాళ్ల తప్పు కాదు. ప్రశ్న మన మాటలో లేదు. సార్‌తో ఆ రాత్రి ఫోన్‌లో చెబితే, మర్నాటికల్లా ప్రశ్న మారింది. 'నూటికి నెలకు ఎన్ని రూపాయల మిత్తి?' అని.

జూలై నుంచి నాకు పాత డేటా ఇచ్చారు. అంతకుముందు వేరే టీము చేసిన మొదటి రౌండు, ఆరు వందలకు పైగా కుటుంబాలు. ఎకరాకు ఎంత అప్పు ఉందో లెక్క తీయాలి. తీస్తే చిన్న రైతుల దగ్గర అంకెలు నమ్మలేనట్టు వచ్చాయి. అర ఎకరం లోపు వాళ్లకు ఎకరాకు రెండు, మూడు లక్షల అప్పు కనపడుతోంది. నిజంగా అంత ఉందేమో అనుకుని రెండు రోజులు గ్రాఫులు గీశాను.

మూడో రోజు రాత్రి భూమి కాలమ్ ఒక్కటే చిన్నది నుంచి పెద్దది వరకు వరుసపెట్టి చదువుతూ పోయాను. 0.1, 0.15, 0.2, 0.25, 0.3, 0.35, 0.38. 1.05, 1.12, 1.28, 1.36. 2.08, 2.14, 2.18. అక్కడ ఆగిపోయాను. 2.18 మా నాయిన పాసుపుస్తకంలో ఉండే అంకె. రెండెకరాల పద్దెనిమిది గుంటలు. ఎకరాకు 40 గుంటలు. మొత్తం కాలమ్ మళ్లీ చూశాను. పాయింట్ తర్వాత రెండంకెలు ఉన్నచోట 39 దాటింది ఒక్కటి కూడా లేదు. ఒక్క 2.45 లేదు, ఒక్క 1.75 లేదు. ఆరు వందల ఇళ్లలో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. లేవు, ఎందుకంటే అవి దశాంశాలు కావు. పాసుపుస్తకం చూసి ఎక్కించిన ఎకరాలు, గుంటలు.

0.20 అంటే కంప్యూటర్‌కు ఎకరంలో అయిదో వంతు. రైతుకు ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. ఆ రైతుకు 50 వేల అప్పు ఉంటే ఎకరాకు లక్ష. మా లెక్కలో రెండున్నర లక్షలు అయి కూర్చుంది. భూమి ఎంత తక్కువ ఉంటే తప్పు అంత పెద్దది. పేపర్ ఇట్లాగే పోయి ఉంటే సన్నకారు రైతుల గురించి రాసే మొదటి వాక్యమే తప్పయ్యేది.

రాత్రి పదకొండు దాటింది, ఫోన్ చేయలేక మెసేజ్ పెట్టాను. సార్ వెంటనే ఫోన్ చేశారు. రెండు సార్లు చెప్పించుకున్నారు. తర్వాత ఇంకో చిక్కు ఆయనే పట్టుకున్నారు. ఎక్సెల్ చివరి సున్నా మింగేస్తుంది. 2.20 అని కొట్టినా 2.2 అనే ఉంటుంది. మరి 2.2 అంటే ఇరవై గుంటలా, ఎవరైనా రెండు గుంటలను అట్లా కొట్టారా? 2.5 అంటే రెండున్నర ఎకరాలా, అయిదు గుంటలా? వీటికి కోడ్ రాసి జవాబు తేలేది కాదు. పాయింట్ తర్వాత ఒక్క అంకె ఉన్న కుటుంబాలు తొంభై దాకా తేలాయి. సమ్మతి పత్రంలో మళ్లీ ఫోన్ చేయొచ్చా అని ముందే అడిగి ఉన్నారు కాబట్టి వాళ్లకు ఫోన్లు చేశాం. సగానికి పైగా నేనే చేశాను, సాయంత్రం ఆరు తర్వాత, చేన్ల నుంచి ఇంటికి వచ్చే వేళకు. "మీ భూమి ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు?" అని అడిగితే ఒక్కరు కూడా తడుముకోలేదు. ఎవరి భూమి వాళ్లకు గుంటతో సహా నోటికి ఉంటుంది.

ఈ మధ్యలో చదివి తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డు మీద వేలిముద్రతో ఇవ్వడం వల్ల ఏం మారిందో మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు పెద్ద స్టడీ చేశారు. ఎనిమిది జిల్లాల్లో చేస్తే అందులో మా నల్గొండ ఒకటి. ఆ పేపర్ 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. డబ్బు త్వరగా చేతికొచ్చిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. అది అమ్మకు చెబితే ఆమెకు ఆ కార్డు గుర్తుంది. వేలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోతే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ పెట్టేవాళ్లమని చెప్పింది. కొబ్బరినూనె సంగతి ఏ పేపర్‌లోనూ నేను చదవలేదు. ఇట్లాంటివి తెలిసిన పిల్లలు మన జిల్లాల కాలేజీల్లో వందల మంది ఉన్నారు. మన పాలమూరు, నల్గొండ ఊళ్లు యాభై ఏళ్లుగా డేటా ఇస్తూనే ఉన్నాయి. ఆ డేటా చదివే చోట కూడా మనవాళ్లు ఉండాలని నా కోరిక. అది పట్టుదలగానే చెప్తున్నాను.

థర్డియర్‌లో వారానికి పది గంటలు ఆ పనే చేశాను. పరీక్షల నెల సార్ పని ఆపమన్నారు. పేపర్‌లో నా పేరు రచయితగా రాదు, కృతజ్ఞతల్లో వస్తుంది. అది మొదటే చెప్పారు, అది సరైనదే కూడా. కానీ మీరు చేరేటప్పుడు ఈ సంగతి, జీతం, ప్రయాణం ఖర్చు ఎవరిది, రికమెండేషన్ లెటర్ ఇస్తారా, ఇవన్నీ మొదటి వారంలోనే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను మొహమాటపడి, మొదటి నెల ఆటో చార్జీలు నా చేతి నుంచే పెట్టుకున్నాను. అడిగాక వెంటనే ఇచ్చారు.

మా కాలేజీలో ఇప్పుడు జూనియర్లు వచ్చి ఎట్లా మొదలుపెట్టాలని అడుగుతుంటారు. కాలేజీల్లో జిజ్ఞాస స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులు ఉన్నాయి, దాన్ని మార్కుల కోసం కాకుండా నిజంగా చేయమని చెప్తాను. ఊళ్లో పది ఇళ్లయినా సరే, సొంతంగా అడిగి, సొంతంగా ఎక్కించి, ఒక పేజీ రాయమంటాను. జాతీయ శాంపిల్ సర్వేల డేటా కూడా రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది, ఆర్ వచ్చాక అది తెరవమంటాను. ఒక అమ్మాయి బత్తాయి తోటలు తీసేసి వరి పెట్టినవాళ్ల మీద చేస్తోంది. వాళ్ల నాయిన అట్లా తీసేసినవాళ్లలో ఒకడు.

రెండో రౌండు ఫారం నా చేతికి వచ్చిన రోజు ఇంటికి తీసుకుపోయాను. సర్వేకు కాదు, ప్రశ్న వినడానికి ఎట్లా ఉందో చూద్దామని. నాయిన అరుగు మీద కూర్చుని పత్తి విత్తనాల ప్యాకెట్లు లెక్కపెడుతున్నాడు. ట్యాబ్ తీసి చదివాను.

"మీ పేరు మీద ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు ఉంది?"

"రెండెకరాల పద్దెనిమిది గుంటలు" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఇప్పుడు ఫారంలో రెండు గడులు ఉన్నాయి. మొదటి దాంట్లో 2, రెండో దాంట్లో 18 కొట్టాను. రెండో గడిలో 40 కొట్టి చూశాను. తీసుకోలేదు.